ముందు బ్యాచ్ ఏం తేల్చింది?

చెన్నై–కోల్‌కతా రహదారి, పుణె–మచిలీపట్నం రహదారి అడ్డంగా కలుసుకునే చోటు విజయవాడ బెంజ్ సర్కిల్. అక్కణ్ణించి ఏ దిక్కుకు బస్సెక్కినా కాసేపట్లో ఏదో ఒక కాలేజీ గేటు ముందు దిగొచ్చు. పక్కనే 1962 నాటి మేరిస్ స్టెల్లా. మొగల్రాజపురం వైపు పీబీ సిద్ధార్థ. మాచవరంలో 1937 నుంచి నడుస్తున్న ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల, ఇంకాస్త పైకి 1953 నాటి ఆంధ్రా లయోలా, గుణదలలో సిద్ధార్థ వైద్య కళాశాల. బందరు రోడ్డు పట్టుకుని ఆటోనగర్ దాటితే కానూరు, అక్కడ 1977లో మొదలైన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ. వారధి దాటితే వడ్డేశ్వరంలో కేఎల్, ఆ పైన నాగార్జున యూనివర్సిటీ, రాజధాని పల్లెల్లో విట్, ఎస్ఆర్‌ఎం. గన్నవరంలో పశువైద్యం, నూజివీడులో ట్రిపుల్ ఐటీ. ఈ జాబితా ఇంకా చాలా పొడుగుంది.

ఎండలు ముదిరేసరికి ఈ కాలేజీలన్నిటి ఆఖరి ఏడాది పిల్లలు బైండింగ్ షాపుల ముందు చేరతారు. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల గైడు సంతకం చేసిన సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్, అమ్మానాన్నలకూ ప్రిన్సిపాల్‌కూ కృతజ్ఞతలు, ఆపైన అరవై డెబ్బై పేజీలు. ఎక్స్‌టర్నల్ వచ్చి, వైవా అడిగి, సంతకం పెట్టి వెళ్లాక ఆ పుస్తకం డిపార్టుమెంటు బీరువాలోకి చేరుతుంది. నాలుగైదేళ్లకు బీరువా నిండుతుంది. ఆ తర్వాత ఆ పుస్తకాలు ఎటు పోతాయో అడిగే నాథుడు ఉండడు.

డిగ్రీ స్థాయిలో పరిశోధన అనగానే మనవాళ్లు రెండే మాటలంటారు. ఒకటి, పిల్లలకు పరిశోధనేమిటి, ముందు సిలబస్ చదవమనండి. రెండోది, మన పిల్లలూ కొత్తవి కనిపెట్టాలి, పేటెంట్లు తేవాలి. రెండూ పక్కన పెడదాం. ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర కొత్త సిద్ధాంతం ఆశించడం న్యాయం కాదు. నేను పట్టుకున్న కొలబద్ద చిన్నది: ఈ పని ముందు బ్యాచ్ వాళ్లు ఎక్కడ ఆపారో తెలుసుకుని మొదలైందా? తర్వాత బ్యాచ్ వాళ్లకు ఏమైనా మిగిల్చిందా? ఒక్కో శాఖనూ దీంతో కొలిచి చూస్తే అనుకోని తేడాలు బయటపడతాయి.

ముందు ఆనర్స్ సంగతి. ఆంధ్రదేశంలో ఇది కొత్తది కాదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినప్పుడు దాని కార్యాలయం బెజవాడలోనే ఉండేది, 1930లో విశాఖపట్నం తరలింది. ఆ రోజుల్లో ఇంటర్మీడియట్ తర్వాత మూడేళ్ల బీఏ ఆనర్స్ ఉండేది. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతుడు సీఆర్ రావు గణితం చదివింది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఒకే సబ్జెక్టు లోతుగా చదివించడం, చివర్లో కఠినమైన పరీక్షలు పెట్టడం ఆ ఆనర్స్ పద్ధతి. ఇప్పుడు తిరిగొచ్చిన ఆనర్స్ వేరు. జాతీయ విద్యావిధానం తర్వాత 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లతో మామూలు డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లకు మాత్రం ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ దారి తెరుచుకుంటుంది. అందులో పరిశోధన ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. అది వద్దనుకున్నవాళ్లు ఆ 12 క్రెడిట్లకు మూడు కోర్సులు చదువుకోవచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీతో పనిలేకుండా పీహెచ్‌డీకే దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా అదే ఏడాది నిబంధన వచ్చింది.

కాగితం మీద బాగానే ఉంది. నాకు పేచీ ఆ 75 శాతం దగ్గర. పరీక్షల్లో మార్కులు తెచ్చుకోవడానికీ, ఒక ప్రశ్న పట్టుకుని ఆర్నెల్లు వదలకుండా తిరగడానికీ సంబంధం అంతంతమాత్రం. మార్కుల లెక్కలో వెనకబడి, ఊళ్లో వాళ్లందరితో మాట కలపగలిగే పిల్లే ఫీల్డు పనికి అక్కరకొస్తుంది. పైగా ఇంజనీరింగ్‌లో ఆనర్స్ అంటే మరో లెక్క. ఏఐసీటీఈ నమూనాలో మామూలు బీటెక్ మీద 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా సంపాదిస్తే ఆనర్స్ వస్తుంది. ఆ క్రెడిట్లను చాలామంది ఆన్‌లైన్ కోర్సులతో నింపేస్తారు. అంటే ఆనర్స్ పట్టా చేతికొచ్చినా ఒక్క ప్రశ్న కూడా సొంతంగా అడగకపోయి ఉండొచ్చు.

బీటెక్ ప్రాజెక్టు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ చుట్టుపక్కల రాసే రిపోర్టుల్లో సింహభాగం వాటిదే. పద్ధతి అందరికీ తెలిసిందే. నలుగురైదుగురు ఒక బ్యాచ్. గైడు ‘బేస్ పేపర్ తెచ్చుకోండి’ అంటారు. ఎవరో ఎక్కడో అచ్చేసిన పరిశోధన పత్రం తెచ్చుకుని, దాంట్లో ఉన్నదాన్ని మళ్లీ చేసి, చివర్లో ఒక చిన్న మార్పు చూపిస్తారు. చేయలేనివాళ్లకు అమీర్‌పేట మైత్రీవనం నుంచి మన ఊరి సందుల దాకా ప్రాజెక్టు సెంటర్లున్నాయి. కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ ఒకే ప్యాకేజీ. దీని మీద తిట్లు చాలానే పడ్డాయి, ఇంకో తిట్టు కలపను. కొన్న ప్రాజెక్టు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది నిజాయతీగా కష్టపడి చేసిన ప్రాజెక్టే.

ఉదాహరణకు గుండెజబ్బును కంప్యూటర్‌తో ముందే పసిగట్టే ప్రాజెక్టు. మెషీన్ లెర్నింగ్ నేర్పే ప్రతి కాలేజీలో ఇది ఏటా ఒక్కసారైనా వస్తుంది. అందులో వాడే సమాచారం సాధారణంగా అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రికి 1980లలో వచ్చిన 303 మంది రోగులది. కానూరులో కూర్చున్న పిల్లలు రాత్రింబవళ్లు కష్టపడి ఆ 303 మందిలో ఎవరికి జబ్బుందో 90 శాతం కచ్చితంగా చెప్పేస్తారు. ఆ సంగతి క్లీవ్‌లాండ్ డాక్టర్లకు నలభై ఏళ్ల కిందే తెలుసు.

పంట తెగుళ్ల ప్రాజెక్టు ఇంకా విచిత్రం. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్. దీనికి అందరూ వాడేది ప్లాంట్‌విలేజ్ అనే బొమ్మల సేకరణ. 14 పంటలు, 50 వేలకు పైగా ఫొటోలు. ఆపిల్ ఉంది, స్ట్రాబెర్రీ ఉంది, బ్లూబెర్రీ ఉంది. వరి లేదు. మినుము లేదు, చెరకూ లేదు. కృష్ణా డెల్టా నడిబొడ్డున, కిటికీ తీస్తే వరిచేలు కనిపించే క్లాసురూముల్లో కూర్చుని స్ట్రాబెర్రీ ఆకుమాడు తెగులు పట్టుకుంటున్నాం. పెనమలూరు, ఉయ్యూరు చేలల్లో ఒక్కో బ్యాచ్ ఐదారు వందల వరి ఆకుల ఫొటోలు తీసి, ఏ తెగులో వ్యవసాయాధికారితో సరిచూయించి, తేదీ, వంగడం పేరు రాసి పెట్టి ఉంటే పదేళ్లలో ఎంత సేకరణ అయ్యేదో లెక్క వేసుకోవచ్చు. అలా పోగుచేసే బ్యాచ్‌కి మాత్రం ఆ ఏడాది ‘యాక్యురసీ’ తక్కువ వస్తుంది, వైవాలో మార్కులు తగ్గుతాయి. తప్పు పిల్లలదనలేం.

సివిల్ వాళ్ల సంగతి వేరు, వాళ్ల చేతికి మట్టి అంటుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద పక్కనే దొరుకుతుంది కాబట్టి, సిమెంటులో కొంత తీసేసి బూడిద కలిపి కాంక్రీటు దిమ్మలు పోయడం ఇక్కడ వాడుకలో ఉన్న ప్రాజెక్టు. పది శాతం, ఇరవై, ముప్పై. దిమ్మను నీళ్లలో నానబెట్టి 7వ రోజున, 28వ రోజున యంత్రంలో పెట్టి పగలగొడతారు. లెక్క తీస్తారు. అక్కడితో సెమిస్టరు అయిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. బూడిద కలిపిన కాంక్రీటు బలం మెల్లగా పెరుగుతుంది, 28 రోజుల తర్వాత కూడా నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి 28వ రోజు లెక్క మామూలు కాంక్రీటుకు న్యాయం చేసి, బూడిద కాంక్రీటుకు అన్యాయం చేస్తుంది. 90వ రోజున, ఏడాదికి, ఐదేళ్లకు పగలగొట్టాల్సిన దిమ్మలు ఎవరు పగలగొట్టాలి? పోసినవాళ్లు అప్పటికి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. ‘ఇవి 2021 బ్యాచ్ దిమ్మలు, 2026లో పగలగొట్టండి’ అని ఒక చీటీ అంటించి ల్యాబ్ మూలన పెట్టడానికి ఖర్చేమీ లేదు. అయినా ఆ చీటీ ఎక్కడా పెద్దగా కనబడదు.

వైద్యంలో పరిస్థితి మెరుగు, కారణం డాక్టర్లు తెలివైనవాళ్లని కాదు. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. దానికి ముందే ప్రతిపాదన రాయాలి: ఏ ప్రశ్న, ఎంతమంది రోగులు, ఏం కొలుస్తారు, ఎలా లెక్క కడతారు. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. తర్వాత పని, తర్వాత రిపోర్టు. జవాబు తెలియకముందే ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చేయాలన్నమాట. బీటెక్‌లో జవాబు చేతికొచ్చాక దానికి సరిపడే ప్రశ్న రాసుకునే వెసులుబాటు ఉంది, ఇక్కడ లేదు. కానీ రెండు నెలల గడువు చేసే మాయ ఇక్కడా ఉంటుంది. ఎక్కువమంది ‘ఫలానా జబ్బు మీద ఫలానావాళ్లకు అవగాహన ఎంత’ అనే ప్రశ్నాపత్రాల దగ్గరే ఆగిపోతారు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బులాంటి సమస్య రెండు నెలల్లో లొంగదు. ఒకరు మొదలుపెడితే మరొకరు అందుకోవాల్సిన పని అది.

ఆర్కిటెక్చర్ వాళ్లది నాకు నచ్చిన పద్ధతి. ఐదేళ్ల కోర్సు, చివరి సెమిస్టరు మొత్తం థీసిస్. 2008లో విజయవాడకు వచ్చిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో కూడా అంతే. విద్యార్థి ఒక నిజమైన జాగా ఎంచుకోవాలి. అక్కడి గాలి ఎటు వీస్తుంది, వాననీరు ఎటు పోతుంది, మున్సిపల్ నిబంధన ఏమంటుంది, చుట్టూ ఎవరుంటారు అన్నీ కాళ్లతో నడిచి తెలుసుకోవాలి. ఇలాంటివే ముందు ఎక్కడ కట్టారో కేస్ స్టడీలు చేయాలి. చివర్లో షీట్లు గోడకు తగిలించి, మోడల్ బల్ల మీద పెట్టి, బయటివాళ్లున్న జ్యూరీ ముందు నిలబడాలి. జ్యూరీలో కన్నీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు, అది వేరే సంగతి. సీనియర్ల థీసిస్‌లు జూనియర్లు నిజంగా తిరగేసే శాఖ ఇదొక్కటే అనిపిస్తుంది. కేస్ స్టడీ కోసమైనా, షీట్ లేఅవుట్ కోసమైనా, కాపీ కొట్టడానికైనా సరే, తిరగేస్తారు.

వ్యవసాయ డిగ్రీకి 2016 ప్రాంతం నుంచి పేరులోనే ఆనర్స్ ఉంది. 1945లో పెట్టిన బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు ఆఖరి ఏడాదిలో పల్లెల్లో రైతుల మధ్య ఉండి పనిచేస్తారు. వాళ్లు చేసే ఒక పని చూడముచ్చటగా ఉంటుంది. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, రంగు ముగ్గులతో ఊరి పటం వేస్తారు. చెరువెక్కడ, కాలవ ఏ చేను దాకా పారుతుంది, ఏ వీధిలో ఎవరుంటారు అని ఊళ్లోవాళ్లే చెబుతుంటే గీస్తారు. ముసలాయన ఒకరు వచ్చి ‘ఈ కాలవ 77 తుపానుకు ముందు ఇటుండేది కాదు’ అన్నాడంటే పటం మారుతుంది. దివిసీమను 1977 నవంబరు 19న తుడిచిపెట్టిన ఉప్పెన గురించి ఏ గెజెటీర్‌లోనూ దొరకని సమాచారం అలా ముగ్గులోకి వస్తుంది. సాయంత్రానికి ఫొటో తీసుకుంటారు. మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు ఊడ్చేస్తారు. ఫొటో రిపోర్టులో అతుక్కుంటుంది, రిపోర్టు బీరువాలో.

ఇక మామూలు డిగ్రీ కాలేజీలు. బీకాం, బీబీఏ ప్రాజెక్టుల గురించి పొడుగ్గా చెప్పడానికేమీ లేదు. ‘ఫలానా కంపెనీపై వినియోగదారుల సంతృప్తి, విజయవాడ నగరానికి ప్రత్యేక సూచనతో’ అనే శీర్షిక కింద కంపెనీ పేరొక్కటే మారుతుంటుంది. రెస్పాండెంట్లు ఎప్పుడూ 100 మందే. శాతాలు వేయడం తేలిక కదా. ఆ వందమందిలో ఎంతమంది స్నేహితులో, ఎంతమంది బంధువులో, ఎంతమంది అసలు పుట్టనేలేదో రాసినవాళ్లకే ఎరుక.

కానీ రాష్ట్రంలో డిగ్రీ చదువుకి 2020-21 నుంచి వచ్చిన ఒక మార్పును అందరూ తేలిగ్గా తీసేశారు. ఉన్నత విద్యామండలి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో మొదటి ఏడాది అయ్యాక చేసేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. పిల్లలు తమ ఊళ్లోనో వార్డులోనో ఇల్లిల్లూ తిరిగి కుటుంబ వివరాలు రాసుకోవాలి, ఒక సమస్య ఎంచుకోవాలి, దాని మీద అవగాహన కార్యక్రమం పెట్టాలి, లాగ్‌బుక్ నింపి రిపోర్టు ఇవ్వాలి. చరిత్ర, అర్థశాస్త్రం, కంప్యూటర్స్, బోటనీ, ఏ గ్రూపైనా ఇదే. పరిశోధన అనే పేరు పెట్టలేదు కాబట్టి ఎవరూ భయపడలేదు, ఎవరూ గౌరవించనూ లేదు. చాలాచోట్ల లాగ్‌బుక్కు ఒకే రాత్రి నిండిందన్న మాటా వినిపిస్తుంది. అయినా నా దృష్టిలో మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు చేసే అసలైన ఫీల్డు పరిశోధనకు దగ్గరగా ఉన్నది ఇదే, నాలుగో ఏడాది ఆనర్స్ కాదు. అవనిగడ్డ పిల్ల అవనిగడ్డ గురించి, మైలవరం కుర్రాడు మైలవరం గురించి రాస్తారు. అడగడానికి ఇబ్బందీ, చెప్పడానికి అనుమానమూ తక్కువ.

ఇది మనకు కొత్తేమీ కాదు. మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడిగా 1915లో వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ ఒక పని చేశాడు. తన దగ్గర చదివే విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు సొంత ఊరిని సర్వే చేసుకురమ్మన్నాడు. భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర, ఏం తింటారు. అప్పట్లో కృష్ణా జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, ఇక్కడి చదువులూ ఆ నీడలోవే. పిల్లలు తెచ్చిన ఆ రాతలను ఆయన 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ పేరుతో అచ్చు వేయించాడు. విద్యార్థుల పని కాబట్టి లోపాలు లేకపోలేదు, లెక్కలు కొన్నిచోట్ల తేలవు. ఇరవై ఏళ్ల తర్వాత పీజే థామస్, కేసీ రామకృష్ణన్ ఆ ఊళ్లకే మళ్లీ వెళ్లారు. 1940లో పునఃసర్వే పుస్తకం వచ్చింది. ఆ తర్వాతి తరాల పరిశోధకులు కూడా వాటిలో కొన్ని ఊళ్లకు వెళ్తూనే వచ్చారు. దక్షిణ భారత పల్లె వందేళ్లలో ఎలా మారిందో ఇవాళ ఎవరైనా మాట్లాడాలంటే ఆ కుర్రాళ్లు సెలవుల్లో నింపిన కాగితాల దగ్గరకు వెళ్లాల్సిందే.

స్లేటర్ విద్యార్థులకు 75 శాతం మార్కులున్నాయో లేదో ఎవరికీ తెలియదు, అక్కర కూడా లేదు. వాళ్ల పని నిలిచింది రెండు కారణాలకు: అందరూ ఒకే ప్రశ్నలు అడిగారు, అడిగింది అచ్చులో దొరికింది. మన డెల్టాలోనే మరో సాక్ష్యం ఉంది. కొల్లూరు దగ్గర అనంతవరాన్ని 1974లో పుచ్చలపల్లి సుందరయ్య ఇల్లిల్లూ సర్వే చేయించారు. ముప్పై ఏళ్లకు, 2005-06లో, వ్యవసాయ అధ్యయనాల పరిశోధకులు అదే ఊళ్లో మళ్లీ సర్వే చేశారు. మొదటి లెక్కలు ఉన్నాయి కాబట్టే రెండో లెక్కలకు అర్థం వచ్చింది. మన కమ్యూనిటీ సర్వీస్ రిపోర్టుల్లో ఒక్కో ఊరికి ఇప్పటికే ఒకటికి నాలుగు సర్వేలు జరిగి ఉంటాయి. ప్రశ్నలు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉండటంతో, కాగితాలు ఎక్కడివక్కడ ఉండిపోవడంతో నాలుగూ కలిసి ఒక్కటి కూడా కాలేకపోయాయి.

సైన్సు గ్రూపుల్లో కొల్లేరు ఉండగా సమస్యకు కరువు లేదు. 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న సరస్సు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేసిన సరస్సు, హద్దు ఐదో కాంటూరా మూడో కాంటూరా అని నేటికీ తగవు నడుస్తున్న సరస్సు. జువాలజీ, కెమిస్ట్రీ పిల్లలు అక్కడ సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి పీహెచ్, కరిగిన ఆక్సిజన్, నైట్రేట్లు కొలుస్తారు. సాధారణంగా జనవరి, ఫిబ్రవరుల్లో, ఎందుకంటే ప్రాజెక్టు అప్పుడే. అంటే కొల్లేరుకు వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరుల నీళ్లు, ఎండిపోయే మే నెల నీళ్లు పిల్లల రిపోర్టుల్లో ఉండవు. కాలేజీ క్యాలెండరు సరస్సు క్యాలెండరుతో పొసగదు. నీళ్లు తీసిన చోటు కూడా ‘కొల్లేరు’ అనే రాస్తారు తప్ప, ఏ లంక పక్కన, ఏ డ్రెయిను కలిసే చోట అన్నది రాయరు. వచ్చే ఏడాది పిల్లలు అక్కడికే వెళ్లాలన్నా వెళ్లలేరు. ఫోన్‌లో లొకేషన్ నొక్కితే అక్షాంశాలు రేఖాంశాలు వచ్చేసే కాలంలో ఇది మరీ అన్యాయం.

తెలుగు శాఖల్లో డిగ్రీ స్థాయి పరిశోధన అన్న ఊసే తక్కువ. విశ్వనాథ సత్యనారాయణ పాఠం చెప్పిన ఎస్సారార్ కాలేజీ ఉన్న ఊళ్లో తెలుగు విద్యార్థి పని పద్యం వ్యాఖ్యానించడంతో ముగుస్తుంది. కవిత్వం తక్కువది కాదు కానీ, కుర్రాళ్లు చేయదగ్గ పనికి ఒక దారి ముందే వేసి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో వచ్చింది. జిల్లా జిల్లా తిరిగి రైతులు వాడే మాటలు పోగుచేశారు. తర్వాత చేనేత పదాలు వచ్చాయి. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రీల మాటలు, కైకలూరులో రొయ్యల చెరువుల మీద మాట్లాడుకునే మాటలు, పెడనలో కలంకారీ అచ్చులద్దేవాళ్ల మాటలు, కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కేవాళ్ల మాటలు ఎవరైనా బుద్ధిగా పోగుచేస్తే అదే సిసలైన ఆనర్స్ థీసిస్. ఇద్దరు విద్యార్థులు, ఒక ఫోన్, ఒక నోటుపుస్తకం చాలు.

బయటి ప్రపంచంలో ఈ పని ఎలా నడుస్తుందో చూస్తే, తేడా తెలివితేటల్లో లేదని మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో బీఏ స్థాయి విద్యార్థులందరూ చివరి ఏడాదిలో థీసిస్ రాయాల్సిందే. వాటిని యూనివర్సిటీ దశాబ్దాలుగా భద్రపరుస్తోంది. 1985లో అక్కడ చదువుకున్న మిషెల్ రాబిన్‌సన్ సోషియాలజీ థీసిస్‌ను, ఆమె మిషెల్ ఒబామాగా దేశమంతా తెలిశాక 2008 ఎన్నికలప్పుడు జనం వెతుక్కుని చదివారు. హార్వర్డ్‌లో జాన్ కెనడీ రాసిన ఆనర్స్ థీసిస్ 1940లో పుస్తకమైంది. ఇవి పెద్దవాళ్లైనవాళ్ల కథలు కాబట్టి చెప్పుకుంటాం. వేలకొద్దీ అనామక థీసిస్‌లూ అవే అరల్లో ఉన్నాయి, వాటికీ అదే భద్రత. మన దేశంలో ఐసర్లు, ఐఐఎస్సీ, బిట్స్ చివరి ఏడాది థీసిస్‌ను గట్టిగానే నడుపుతున్నాయి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పాటు పరిశోధన ఎంఎస్ కలిపి చేసే దారి ఉంది, అక్కడి భాషా సాంకేతిక కేంద్రంలో తెలుగు మీద పని కూడా జరుగుతుంది. ఆ సంస్థల్లో ల్యాబ్ అనేది నడిచే వస్తువు, విద్యార్థి మధ్యలో ఎక్కి మధ్యలో దిగుతాడు. మన కాలేజీల్లో ప్రతి బ్యాచ్ ఇంజను స్టార్ట్ చేయడంతోనే ఏడాది గడిపేస్తుంది.

ఇంకో ఒత్తిడి బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కళ్లకు కట్టినట్టు కనబడుతుంది: విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఎంఎస్‌కు వెళ్లాలంటే ప్రొఫైల్ కావాలి, ప్రొఫైల్ అంటే పేపరు. డబ్బు కడితే వారం రోజుల్లో అచ్చేసే జర్నళ్లకు ఈ అవసరం వరమైంది. దొంగ జర్నళ్లను వడకట్టడానికి యూజీసీ కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసి బాధ్యత విద్యాసంస్థల మీదే పెట్టింది. ఫలితం, బీటెక్ మూడో ఏడాది కుర్రాడికి రెండు పేపర్లుంటాయి, ఏ లెక్క ఎలా వచ్చిందని అడిగితే సీనియర్ వైపు చూస్తాడు. 2022 ఆఖర్న చాట్‌జీపీటీ వచ్చాక రిపోర్టు రాత కూడా రుజువు కాకుండా పోయింది. డెబ్బై పేజీలు గంటలో వస్తున్నప్పుడు ఇంకా పేజీల లెక్కన మార్కులివ్వడంలో అర్థం లేదు. కృత్రిమ మేధ అల్లలేనిది ఒకటుంది: ఫలానా తేదీన ఫలానా ఇంట్లో ఫలానా ఆవిడ చెప్పిన మాట, మట్టి మరకతో సహా ఉన్న నోటుపుస్తకం. ఎవరైనా అల్లారని అనుమానమొస్తే మళ్లీ వెళ్లి సరిచూసుకోవచ్చు కూడా.

అందుకే దాచాల్సింది నల్ల అట్ట పుస్తకం కాదని నా ఉద్దేశం. పుస్తకం ముందు ఉన్న ముడి సరుకు దాచాలి. ప్రశ్నావళి, నింపిన షీట్లు, ఫొటోలు, కొలిచిన చోటు, వాడిన పరికరం పేరు, పని కుదరని చోట ఎందుకు కుదరలేదన్న అర పేజీ. పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధగంగ ఉంది. దేశంలో ఏ మూలనుంచైనా తెరిచి చదవొచ్చు. డిగ్రీ పనికి అలాంటి జాగా లేదు. రాష్ట్రమంతటికీ ఒకటి కావాలని నేననను, అలాంటివి టెండరు దగ్గరే ఆగిపోతాయి. కాలేజీకి ఒకటి చాలు. ఒక్క చిక్కు మాత్రం నిజంగా ఉంది. ఇంటింటి సర్వేలో పేర్లు, అప్పులు, జబ్బులు ఉంటాయి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. పేర్లు తీసేసి నంబర్లు వేయడం, ఎవరికి చూపించొచ్చో రాసి పెట్టడం, అడిగేటప్పుడే ఆ ఇంటివాళ్లకు చెప్పి ఒప్పించడం చేయాలి. వైద్య కళాశాలల ఎథిక్స్ కమిటీలకు ఈ పని అలవాటే. పక్కనున్న డిగ్రీ కాలేజీకి ఆ పద్ధతి నేర్పమంటే కాదనరు. మిగతా పని లైబ్రేరియన్‌ది, ఆ కుర్చీలో మనిషి ఉన్న కాలేజీల్లో.

ఎక్కడ మొదలుపెట్టొచ్చో అడిగితే బుడమేరు వరద దగ్గర అంటాను. 2024 సెప్టెంబరు మొదట్లో కవులూరు దగ్గర మళ్లింపు కాలవ గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్నాళ్లు ఉన్నాయి, ముందు ఎటునుంచి వచ్చాయి అన్నది ఆ ఇళ్లవాళ్లు ఇంకా మర్చిపోలేదు. ఇది సివిల్ వాళ్ల ప్రాజెక్టు, కామర్స్ వాళ్ల ప్రాజెక్టు, వైద్య విద్యార్థుల ప్రాజెక్టు, మాచవరంలో తెలుగు చదివే పిల్ల ప్రాజెక్టు కూడా. వీధులు పంచుకుని, ప్రశ్నలు ఒకటే పెట్టుకుంటే ఒక్క వేసవి సరిపోతుంది. అయితే ఏ కాలేజీ వాళ్లు పంచుతారు, మార్కులు ఏ యూనివర్సిటీ ఖాతాలో పడతాయి, ఎక్స్‌టర్నల్‌గా ఎవరొస్తారు అన్న లెక్క తేలకుండా ఇక్కడ ఏ బ్యాచూ కదలదు.